మిలీనియలా, నైంటీస్ కిడ్డా, తిత్లీ తుపాను ముందువాళ్లమా: మనకి ఏ పేరు మేలు?

సంక్రాంతికి అందరం శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర మా ఊళ్లో కలిశాం. భోజనాలయ్యాక మా మేనల్లుడు నాతో అన్నాడు: "మావయ్యా, నువ్వు మిలీనియల్‌వి, నేను జెన్ జీని. అందుకే నేను చెప్పేది నీకు ఎక్కదు." వాడు 2004లో పుట్టాడు, నేను 1986లో. వాడి లెక్క తప్పు కాదు. కానీ విజయనగరం తిరిగొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. మా ఇద్దరికీ వాడు పెట్టిన పేర్లలో మా ఊరి వాసన ఎక్కడా లేదు.

ముందు ఆ పేర్ల సంగతే చూద్దాం. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి సైనికులు ఇళ్లకు చేరాక అమెరికాలో కాన్పులు ఒక్కసారిగా పెరిగాయి. 1946 నుంచి 1964 వరకు పుట్టినవాళ్లు బూమర్లు అయ్యారు. ఆ తర్వాత జెన్ ఎక్స్. అమెరికా పరిశోధన సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ లెక్కలో 1981 నుంచి 1996 దాకా మిలీనియల్స్, 1997 నుంచి 2012 దాకా జెన్ జీ. మా నాన్న 1955లో పుట్టారు కాబట్టి ఆయన బూమర్ అవ్వాలి. బూమ్ అంటే వాళ్ల దగ్గర కొత్త ఇళ్లు, కొత్త కార్లు. మా నాన్న చిన్నతనం అంటే పొద్దున్న చోడి (రాగి) అంబలి, రాత్రికి దొరికితే వరన్నం. ఒకే ఏడాది పుట్టారని ఆ అమెరికావాడినీ మా నాన్ననీ ఒకే గాటన కట్టడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. అయితే ఈ పేర్లతో ఒక వీలుంది. బెంగళూరులో ఉద్యోగం చేసే మా మేనల్లుడు ఏ రాష్ట్రం స్నేహితుడితోనైనా ఆ ఒక్క మాటతో వయసు చెప్పేయగలడు. పిల్లలు వాడుకుంటే తప్పు పట్టను.

రెండోది దశాబ్దం పేరు. మా ఈడువాళ్లకి ఇదే ఎక్కువ ఇష్టం: "మేం నైంటీస్ కిడ్స్." నాకూ ఇష్టమే. మా వీధికంతటికీ ఒకే టీవీ ఉండేది. ఇంటి మీద వెదురు గెడకి కట్టిన యాంటెన్నా. గాలికి అది తిరిగిపోతే ఒకడు పైకెక్కేవాడు, ఒకడు కిటికీ దగ్గర, ఒకడు టీవీ ముందు. "వచ్చిందా?" "లేదు, ఇంకొంచెం తిప్పు." "ఇప్పుడో?" "ఆఁ ఆఁ, అలాగే ఉంచు!" కిటికీ దగ్గర నిలబడి ఆ కబురు పైకి అందించడం నా పని. బొమ్మ కంటే నాకు ఆ కేకలే బాగా గుర్తు.

కానీ దశాబ్దం అందరికీ ఒకేసారి రాదు. దూరదర్శన్‌లో రామాయణం 1987లో మొదలైంది. పట్నంలో వాళ్లు హారతిపళ్లెంతో టీవీ ముందు కూర్చున్న రోజుల్లో మా ఊళ్లో టీవీయే లేదు. పట్నంవాళ్ల ఎయిటీస్ మాకు నైంటీస్‌లో వచ్చాయి. ఇంకోటి కూడా ఉంది. పెద్దవాళ్లని జీవితం గుర్తు చేసుకోమంటే పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల లోపు సంగతులే ఎక్కువగా చెబుతారని మనస్తత్వ శాస్త్రజ్ఞులు గమనించారు. కాబట్టి ఆ తీపి నైంటీస్‌ది కాదేమో, మా వయసుదేమో.

ఈ మాట రాయకుండా ఉండలేను. నేను యాంటెన్నా కబుర్లు చెబుతుంటే మా అక్క, అంటే ఆ మేనల్లుడి తల్లి, ఒక్కసారి కూడా "ఆ రోజులే బాగుండేవి" అనలేదు. తను ఏడో తరగతితో చదువు ఆపేసింది. మేం టీవీ దగ్గర ఉన్న సాయంత్రాలు తను నూతి దగ్గర ఉంది. నైంటీస్ మా ఇద్దరివీ, కానీ ఒకటి కాదు.

మనవాళ్ల పాత పద్ధతి సంవత్సరాల పేర్లు. మా నాన్న మన్మథలో పుట్టారు. 2015లో మన్మథ మళ్లీ వస్తే షష్టిపూర్తి చేశాం. పేరు అందంగా ఉంటుంది, కానీ అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది, తాతనీ మనవడినీ కలిపేస్తుంది. తరాన్ని విడదీయడానికి అది పనికిరాదు. జిల్లా పేరు ఇంకా చిత్రం. మా అత్తవారిది పార్వతీపురం. ఆ ఇంట్లో 1950కి ముందు పుట్టిన పెద్దాయనది విశాఖపట్నం జిల్లా, ఆయన తమ్ముళ్లది శ్రీకాకుళం జిల్లా, 1979 జూన్ తర్వాత పుట్టిన నా భార్యది విజయనగరం జిల్లా, 2022 తర్వాత పుట్టిన పిల్లాడిది పార్వతీపురం మన్యం జిల్లా. ఇల్లు అంగుళం కూడా కదల్లేదు. తరాలకి ఇంతకంటే పక్కా గుర్తు దొరకదు గానీ, అది కాగితం మీది గుర్తు. బాల్యానికి అంటదు.

ఆ సంక్రాంతి రోజున నేనూ మేనల్లుడూ వాదించుకుంటుంటే అరిసెలు సర్దుతున్న అక్క అంది: "ఆ ఎక్సులూ జెడ్లూ నాకేటి తెలుస్తాయిరా. తిత్లీ గాలికి వీడికి పద్నాలుగేళ్లు. నాకు తెలిసిన లెక్క అదే."

వాడు ఠక్కున ఊరుకున్నాడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఆ రాత్రంతా వాడు తల్లిని పట్టుకుని గోడ మూల కూర్చున్నాడు. పొద్దున్న తలుపు తీస్తే ఇంటి ముందు ఇంత వెలుతురు ఎందుకుందో వాడికి ముందు అర్థం కాలేదట. పెరట్లో ఎప్పుడూ ఎండ పడేది కాదు. కొబ్బరి చెట్లన్నీ ఒకే దిక్కుకి పడి ఉన్నాయి. నేను విజయనగరం నుంచి రెండో రోజుకి చేరాను. మా వీధి మొదట్లో నిలబడి మా ఇల్లు ఏదో పోల్చుకోలేకపోయాను. చెట్ల గుర్తుతో నడిచే అలవాటు కదా.

తెలుగునాట 1832 నాటి కరువుని నందన కరువు అన్నారు, 1876 నాటిదాన్ని ధాత కరువు అన్నారు. సంవత్సరం పేరుకి కష్టం తోడైనప్పుడే అది జనం నోట నిలిచింది. ఒకే ఏడాది పుడితే ఒక తరం అయిపోదని, లేత వయసులో ఒకే కుదుపు తగిలినవాళ్లే ఒక తరమని హంగరీలో పుట్టిన సామాజికవేత్త కార్ల్ మన్‌హైమ్ 1928లో రాశాడు. మా అక్క అన్నదీ అదే. టీవీ ఒక్కో ఇంటికీ ఒక్కో ఏడు వచ్చింది. గాలి మాత్రం మా కవిటి వైపు ఉద్దానంలో అందరిమీదా ఒకే రాత్రి వచ్చింది.

కష్టం పేరు పిల్లలకి అంటగట్టడం ఎందుకని మా బావ అడిగాడు. అది సబబైన ప్రశ్నే. విజయనగరంలో మా వీధివాళ్లకి తిత్లీ కాదు, 2014 అక్టోబరు నాటి హుద్‌హుద్ గుర్తు. నాలుగు గంటల ప్రయాణంలో పేరు మారిపోతుంది. అయినా నా ఓటు దీనికే. సరదా కబుర్లకి నైంటీస్ అంటాను. నా కూతురికి మేమెవరమో చెప్పాల్సి వస్తే మాత్రం తిత్లీ ముందువాళ్లం అని చెబుతాను. దానికి ఆ నీడ తెలీదు, తెలియాలని నా ఆశ.

అది 2019లో పుట్టింది. అదే ఏడు అక్క పెరట్లో కొబ్బరి మొక్కలు నాటింది. ఇప్పుడిప్పుడే కాపుకొచ్చాయి. మొన్న నా కూతురు పీట వేసుకుని ఎక్కి ఒక గెలని చేత్తో నిమిరి చూసింది. కొబ్బరి చెట్టు అంటే అంత ఎత్తే ఉంటుందని దాని లెక్క.