ముందు ప్రోగ్రామా, ముందు ల్యాబా? బయోమెడికల్ పీహెచ్‌డీకి ఏ దారి మేలు

బయోమెడికల్ సైన్సెస్‌లో పీహెచ్‌డీకి ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి అంబ్రెల్లా ప్రోగ్రామ్. ఇమ్యునాలజీ, న్యూరోసైన్స్, క్యాన్సర్ బయాలజీ లాంటి చాలా విభాగాలకు కలిపి ఒకే దరఖాస్తు. అమెరికాలో చాలాచోట్ల ఇదే పద్ధతి. రెండోది, ఫలానా ప్రొఫెసర్ దగ్గర ఫలానా ప్రాజెక్టులో నేరుగా చేరడం. ఇది జర్మనీ, నెదర్లాండ్స్, స్వీడన్‌లలో ఎక్కువ.

ఏ ప్రశ్న మీద పనిచేయాలో ఇంకా తేలనివాళ్లకు అంబ్రెల్లానే మేలంటాను. కారణం రొటేషన్లు. మొదటి ఏడాది రెండు మూడు ల్యాబుల్లో కొన్నేసి వారాలు పనిచేసి చూశాకే గైడ్‌ను ఎంచుకుంటారు. గంటసేపు ఇంటర్వ్యూలో ఎవరైనా మంచిగానే మాట్లాడతారు. ప్రయోగం చెడిపోయిన రోజు ఆ మనిషి ఏమంటారు, రాసిచ్చిన పేపర్‌ని ఎన్ని నెలలు చూడకుండా ఉంచుతారు, సీనియర్లు ఆయన పేరెత్తితే ముఖం ఎలా పెడతారు, ఇవన్నీ ఆ ల్యాబులో కూర్చుంటేనే తెలుస్తాయి. అయిదారేళ్లు గడపాల్సిన చోటు కాబట్టి ఈ పరీక్ష మీకు చాలా అవసరం.

అయితే ఒక చిక్కుంది. మీరు కోరుకున్న ల్యాబులో ఆ ఏడాది ఖాళీ లేకపోవచ్చు. అందుకే దరఖాస్తుకు ముందే నలుగురైదుగురు ప్రొఫెసర్లకు రాసి, కొత్తవాళ్లను తీసుకుంటున్నారా అని అడగండి. విదేశీ విద్యార్థులు ఇంకొకటి గమనించాలి. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్, పీహెచ్‌డీ విద్యార్థుల స్టైపెండ్ కోసం యూనివర్సిటీలకు ఇచ్చే టీ32 ట్రైనింగ్ గ్రాంట్లు అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకే. మీ మొదటి ఏడాది స్టైపెండ్‌కు సంస్థ వేరే డబ్బు వెతకాలి, కొన్నిచోట్ల మీకు సీట్లు తగ్గేది అందుకే.

మాస్టర్స్ థీసిస్‌తో దారి స్పష్టంగా కనబడినవాళ్లకు నేరుగా ల్యాబులో చేరడమే మంచిది. యూరప్‌లో సాధారణంగా మూడు నాలుగేళ్లలో ముగుస్తుంది, కాకపోతే చాలాచోట్ల ముందు మాస్టర్స్ ఉండాలి. ఇక్కడ జీతం తరచుగా ఒక్క గ్రాంటు మీదే ఆధారపడుతుంది. కాబట్టి ఎన్నేళ్లకు డబ్బు ఖాయమైందో సిగ్గుపడకుండా అడగండి. చదువు ముగించి వెళ్లిన విద్యార్థులతో ఒకసారి ఫోన్లో మాట్లాడండి.

ఎందుకు చేరాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం, అంటే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, రెంటికీ ఒకటే పంపితే దెబ్బతింటారు. అంబ్రెల్లా కమిటీలో మీ రంగం కానివాళ్లూ ఉంటారు. మీరు ఆ ప్రయోగం ఎందుకు చేశారు, ఫలితం తేడాగా వస్తే ఏం ఆలోచించారు అన్నది వాళ్లకూ అర్థమయ్యేలా రాయాలి. నేరుగా ల్యాబుకు రాసేటప్పుడు చదివేది ఒక్కరే, ఆ పనిలో పండినవారు. వారి ఇటీవలి పేపర్లు చదివి, అందులో మీరు ఏ ముక్క పట్టుకోగలరో చెప్పాలి.

రెండు దారుల్లోనూ ప్రయత్నిస్తుంటే తేదీలు ఢీకొంటాయి. అమెరికా దరఖాస్తుల గడువు చాలావరకు డిసెంబరు మొదట్లో. అక్కడి చాలా యూనివర్సిటీలు స్టైపెండ్‌తో కూడిన ఆఫర్‌కు ఏప్రిల్ 15 వరకు జవాబు చెప్పకుండా ఆగనిస్తాయి. నేరుగా చేర్చుకునే ల్యాబులు అంత ఆగవు. ఫిబ్రవరిలో అలాంటి ల్యాబు నుంచి ఆఫర్ వస్తే, మిగతా ఫలితాల కోసం చూస్తున్నానని నిజం చెప్పి, ఎన్ని వారాలు ఆగగలరో అడగండి.