హనుమకొండలో ఒక క్యాథ్‌ల్యాబ్: పని బాగుంది, రిపోర్టే పలచన

ఇక్కడ తొడ దగ్గర కాదు, మణికట్టు దగ్గరి ధమని నుంచే యాంజియోగ్రామ్ (రంగుమందు ఎక్కించి గుండె రక్తనాళాలను ఎక్స్‌రేలో చూసే పరీక్ష) చేస్తున్నారు. లోపలికి పంపే సన్నని గొట్టం, 6 ఫ్రెంచ్ క్యాథెటర్, అంటే 2 మి.మీ. లావు; ధమని బిగుసుకుంటే గుంజరు, దాన్ని వదులు చేసే నైట్రోగ్లిజరిన్ మందు ఇచ్చి వదులయ్యేదాకా ఆగుతారు. తర్వాత, రక్తం ఆగడానికి మణికట్టుకు కట్టే గాలి బ్యాండు సంగతి. అందులోని గాలి తొందరగా తీస్తే రక్తం చిమ్ముతుంది, మరీ బిగించి ఉంచితే ధమనే మూసుకుపోతుంది. సిస్టర్లు నాడి, వేళ్ల రంగు చూసుకుంటూ సిరంజితో 2-3 మి.లీ. చొప్పున తీస్తున్నారు. ఈ ఓపిక అన్నిచోట్లా ఉండదు.

కౌంటర్ దగ్గర మాత్రం నిర్లక్ష్యమే. రంగుమందు కిడ్నీల మీద పడుతుంది కదా, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు అడగాల్సింది వాళ్లు. పేషెంటు తనంతట తనే చూపించాల్సి వస్తోంది. కిడ్నీలు బలహీనంగా ఉన్న షుగర్ పేషెంట్లు మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఆపాలా వద్దా అన్నదీ చీటీలో లేదు.

రిపోర్టులో ‘60% బ్లాక్’ అని రాసి వదిలేస్తారు. అలాంటి మధ్యరకం బ్లాకుకు స్టెంట్ అక్కరుందో లేదో కంటి అంచనాతో తేలదు. ప్రెషర్ వైర్ అనే సన్నని తీగతో ఎఫ్ఎఫ్ఆర్, అంటే బ్లాకు ముందున్న రక్తపీడనంతో పోలిస్తే దాని తర్వాత ఎంత ఉందో, కొలవాలి. 0.80 లేదా అంతకన్నా తక్కువుంటేనే రక్తం సరిగా అందట్లేదని లెక్క. ఆ వైర్ ఇక్కడ లేదట. ములుగు, జనగామ నుంచి వచ్చేవాళ్లు యాంజియోగ్రామ్ సీడీ అడిగి తీసుకొనే బస్సెక్కండి; అడగనిదే ఇవ్వరు.