ఉడెమీలో పాఠాలు చెప్పిన అనుభవం
సొంతంగా కోర్సు తయారుచేసి అమ్ముకోవాలనుకునే వారికి 2010లో మొదలైన ఉడెమీ అనువైన ఆన్‌లైన్ వేదికే. కనీసం 30 నిమిషాల వీడియో, 5 పాఠాలు ఉండాలి. దృశ్య నాణ్యత 720పి కంటే తగ్గకూడదు. నా మొదటి పాఠంలో గొంతు వెనుక ఫ్యాను రొద వినిపించింది. తప్పు నాదే కనుక, ఫ్యాను ఆపి, తలుపులు మూసి, చెమటలు కక్కుతూ మొత్తం మళ్లీ రికార్డు చేశాను. బోధకుడు పంచిన కూపన్ లింకు ద్వారా విద్యార్థి చేరితే వచ్చిన సొమ్ములో 97 శాతం బోధకుడికే దక్కుతుంది గానీ, వేదికలో వెతుక్కుంటూ వచ్చి చేరిన వారి విషయంలో ఆ వాటా 37 శాతమే. అందువల్ల ప్రచారమూ మనమే చేసుకోవాలి. నాకది ఇప్పటికీ మొహమాటమే. ప్రశ్నలూ జవాబుల విభాగం మాత్రం ఎంతో నచ్చింది: ఒకే సందేహాన్ని నలుగురు అడిగారంటే, ఆ పాఠాన్ని తిరిగి చెప్పవలసిందేనని తెలిసిపోతుంది.