మెదక్ చర్చికి వెళ్ళాలనుకుంటే ఆదివారం పొద్దున వెళ్ళండి

హైదరాబాద్ నుంచి దాదాపు 100 కిలోమీటర్లు, పొద్దున బయల్దేరితే రాత్రికి ఇంటికి వచ్చేయొచ్చు, కాబట్టి మెదక్ చర్చి మీద నెట్‌లో రివ్యూలకు కొదవ లేదు. అన్నింట్లోనూ అవే ముక్కలు: గోపురం 175 అడుగులు, లోపల 5000 మంది పడతారు, ఫోటోలు బాగా వస్తాయి. కొందరైతే వాటికన్ తర్వాత ఇదే పెద్దది అని కూడా రాసేస్తారు. ఆ పోటీ సంగతి నాకొద్దు గానీ, ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. ఖాళీగా ఉన్నప్పుడు వెళ్ళి చూసొస్తే ఈ చర్చిని సగమే చూసినట్టు. ఆదివారం ఆరాధన టైముకి వెళ్ళి వెనక వరుసలో కూర్చోండి, మెదక్ లాంటి చిన్న ఊరు ఇంత పెద్ద చర్చిని ఎలా తనదిగా చేసుకుందో అప్పుడు తెలుస్తుంది.

అసలు ఇది కట్టిన తీరులోనే ఆ సంబంధం ఉంది. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే వెస్లియన్ మెథడిస్టు (ప్రొటెస్టంటుల్లో ఒక శాఖ) మిషనరీ 1914లో పని మొదలుపెట్టించాడు. ఒకపక్క మొదటి ప్రపంచ యుద్ధం, ఇంకోపక్క కరువు, చుట్టుపక్కల పల్లెల్లో జనానికి తినడానికి లేదు. వాళ్ళకి ఊరికే పెట్టి పంపకుండా, పని చూపించి ఆ పనికి తిండి పెట్టారు. ఇవాళ మనం పనికి ఆహారం పథకం అంటామే, అలాంటిదే. అలా పదేళ్ళు సాగి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. అంటే ఆ గోడల్లో రాయి మోసిన చేతులు చాలావరకు ఆ చుట్టుపక్కల కూలీలవే. అందుకే మిగతా ఊళ్ళలో తెల్లదొరలు కట్టిన కట్టడాలని చూస్తే కలిగే దూరం నాకిక్కడ కలగలేదు.

ఆరాధన అయిపోయాక మెట్ల పక్కన నీడలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంటే పలకరించాను. "ఏ ఊరు బిడ్డా మీది" అని ఆవిడే ముందు నా వివరాలన్నీ తీసుకుని, ఆ తర్వాత చెప్పింది, "మా తాత ఈడ రాళ్లు మోసిండు. కూలికి పోతే కడుపుకింత దొరికిందంట, అట్ల బతికిన్రు" అని. ఆ మాట అంటూ పక్కనున్న గోడ మీద చెయ్యి వేసి నిమిరింది, మన ఇంట్లో పాత మంచం కోడునో అరుగునో నిమిరినట్టు. నేను చదివిన చరిత్ర మొత్తం ఆ ఒక్క మాటలో వచ్చేసింది. ఇలాంటి వాళ్ళు అక్కడ దొరుకుతారు, ఫోన్ జేబులో పెట్టి పలకరించండి.

ఇక ఆరాధన. తెలుగులోనే జరుగుతుంది, కీర్తనలు తెలుగువే, కొత్తవాళ్ళకి కూడా రెండో చరణానికల్లా పల్లవి పట్టుబడిపోతుంది. నాకు మాత్రం ప్రసంగం కంటే ప్రకటనల భాగం ఎక్కువ నచ్చింది, చాలామంది ఆ సమయంలోనే వాచీ చూసుకుంటారు గానీ ఊరి జీవితమంతా అందులోనే ఉంటుంది. ఫలానా వారి అబ్బాయికీ ఫలానా వారి అమ్మాయికీ పెళ్ళి నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అంటూ చదివే పెళ్ళి ప్రకటనలు, ఆపరేషన్ అయినవాళ్ళ కోసం ప్రార్థన, కూతురికి ఉద్యోగం వచ్చిందని కృతజ్ఞత కానుక ఇచ్చిన కుటుంబం, స్త్రీల మైత్రి, అంటే చర్చి ఆడవాళ్ళ సంఘం, వాళ్ళ కూడిక ఎప్పుడో, ఇలా ఒకదాని వెనక ఒకటి. ఎవరింట్లో ఏం జరుగుతోందో అందరికీ తెలుస్తుంది, తెలిశాక బయటికొచ్చి ఆ ఇంటివాళ్ళ చుట్టూ చేరి చేతులు పట్టుకుని మాట్లాడతారు. పట్నంలో పదేళ్ళుగా ఎదురింట్లో ఉన్నవాళ్ళ పేరు తెలియని మనకి ఇది చూస్తే కాస్త అసూయగానే ఉంటుంది. ఈ చర్చి చెందిన సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల్లో జరిగే కోత పండుగకి వెళ్ళే వీలుంటే అదీ వదులుకోకండి, జనం ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్ళు కానుకగా తెచ్చిస్తే అక్కడే వేలం పాడతారు, ఆ సందడే వేరు.

కట్టడం గురించి ఏమీ చెప్పకపోతే అన్యాయం. రంగు అద్దాల కిటికీలు మూడు ఉన్నాయి: యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం (పరలోకానికి వెళ్ళడం). ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఇంగ్లీషు చిత్రకారుడి పని. వీటికి వెలుగు బయటి నుంచే రావాలి, కాబట్టి చీకటి పడ్డాక లోపల నిలబడితే బొమ్మ కనబడదు. ఎండ బాగా ఉన్నప్పుడు వెళ్ళి ఒక్కో కిటికీ ముందు ఐదు నిమిషాలు నిలబడండి, మొదట రంగులు మాత్రమే కనిపిస్తాయి, తర్వాత మొహాలు, ఆ తర్వాత మొహాల్లో భావాలు. నేల మీద పరిచిన పలకలు బ్రిటన్ నుంచి తెప్పించినవి, ఇటలీ పనివాళ్ళు వేశారంటారు. చెప్పుల్లేకుండా నడిస్తే మండుటెండలో కూడా చల్లగా తగులుతాయి.

వచ్చేవాళ్ళలో క్రైస్తవులు ఎంతమందో కానివాళ్ళూ అంతమంది ఉన్నారనిపించింది. బొట్టు పెట్టుకున్న అమ్మలు, బురఖా వేసుకున్నవాళ్ళు, పిల్లల్ని చంకనెత్తుకుని కొవ్వొత్తి వెలిగించి దణ్ణం పెట్టుకుని పోతున్నారు. అక్కడికి దగ్గర్లోనే మంజీర పాయల మధ్య ఏడుపాయల వనదుర్గమ్మ గుడి ఉంది, ఒకే ఆటోలో అమ్మవారినీ చర్చినీ చూసుకునే కుటుంబాలు ఎన్నో. నన్ను కూడా మీది ఏ మతం అని ఎవరూ అడగలేదు, కరపత్రం చేతిలో పెట్టలేదు. వెనక బెంచీలో ఒకాయన తన పాటల పుస్తకం నా వైపు జరిపి వేలితో లైను చూపించాడు, అంతే. కొత్తవాళ్ళని కలుపుకోవడం అంటే ఇంతకంటే ఏం కావాలి?

నాకు చిరాకు వేసిందల్లా చూడ్డానికొచ్చిన కొందరి మీద. ప్రార్థన జరుగుతుంటే నడవలో నిలబడి రీల్స్ తీస్తున్నారు. అక్కడ ఎవరో బిడ్డ జబ్బు నయం కావాలని ఏడుస్తూ మోకరించి ఉంటారు, దయచేసి ఆ కాసేపు కెమెరా ఆపండి. ప్రభు భోజనం (యేసు జ్ఞాపకంగా పంచే రొట్టె, ద్రాక్షరసం) ఇచ్చేటప్పుడు కూడా అలవాటు లేనివాళ్ళు లైన్లో వెళ్ళకుండా కూర్చునే ఉండండి, ఎవరూ తప్పుగా అనుకోరు.

క్రిస్మస్‌కి వెళ్ళాలా అని చాలామంది అడుగుతారు. వందేళ్ళ పండుగ 2024 డిసెంబరు 25న జరిగినప్పుడు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కూడా వచ్చారు. మామూలు క్రిస్మస్‌కే కర్ణాటక, మహారాష్ట్ర నుంచి కూడా జనం వస్తారు, తెల్లవారకముందే ప్రార్థనలు మొదలవుతాయి. ఆ కోలాహలం ఇష్టమైతే ముందురోజు రాత్రికే చేరుకోండి, ముసలివాళ్ళూ చంటిపిల్లలూ ఉంటే మాత్రం మామూలు ఆదివారమే మేలు.

ఐదుకి ఐదు ఇస్తున్నాను. ఆరాధనకి ఓ అరగంట ముందు చేరితే బయట తిరిగి చూడొచ్చు, ఆరాధన తర్వాత కిటికీలు చూడొచ్చు, మధ్యాహ్నానికి ఏడుపాయలకో మెదక్ ఖిల్లాకో వెళ్ళొచ్చు. ఎండాకాలమైతే ఖిల్లా ఎక్కడం సాయంత్రానికి పెట్టుకోండి.