వంశధార ఒడ్డు రైతుకు ‘ఫ్లడ్‌వాచ్ ఇండియా’ యాప్ ఎంతవరకు అక్కరకొస్తుంది?

నదుల నీటి మట్టాలు, వరద అంచనాలు చూపించే ‘ఫ్లడ్‌వాచ్ ఇండియా’ యాప్‌ను కేంద్ర జల సంఘం తెచ్చింది. ఇది 2023 ఆగస్టులో మొదలైంది, మరుసటి ఏడు ఆగస్టులో 2.0 వచ్చింది. డబ్బేమీ కట్టక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లాలో హిరమండలం నుంచి కళింగపట్నం దాకా ఏటిగట్టున పొలం ఉన్న ప్రతివాళ్ల ఫోన్లోనూ ఇది ఉండాల్సిందే. కాకపోతే చూడాల్సిన చోటు చూడకపోతే ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

లొకేషన్ ఇవ్వగానే దగ్గర్లోని నీటి మట్టం కొలిచే స్టేషన్ చూపిస్తుంది. రాష్ట్రం ఎంచుకోమంటే మన చెయ్యి ఆంధ్రప్రదేశ్ మీదికే పోతుంది. అక్కడే పొరపాటు. వంశధార పరీవాహక ప్రాంతం సుమారు 10,830 చదరపు కిలోమీటర్లు, అందులో దాదాపు నాలుగింట మూడొంతులు ఒడిశాలోనే ఉంది. నరసన్నపేటలో చినుకు పడకపోయినా రాయగడ, గజపతి జిల్లాల్లో గట్టిగా కురిస్తే ఏరు పొంగుతుంది. అందుకని రాష్ట్రం దగ్గర ఒడిశా పెట్టి గుణుపూర్, కాశీనగర్ స్టేషన్లు తెరవండి. గుణుపూర్ బాగా ఎగువన, కాశీనగర్ మన హిరమండలం దగ్గరున్న గొట్టా బ్యారేజీకి కాస్త పైన. మనకు ముందుగా కబురందేది ఆ రెండు చోట్ల నుంచే.

రంగుల సంగతి సరిగ్గా తెలుసుకోవాలి. పసుపంటే నీరు హెచ్చరిక మట్టం దాటింది, ప్రమాద మట్టానికి ఇంకా చేరలేదు. నారింజ అంటే ప్రమాద మట్టం దాటింది. ఎరుపు అంటే ఆ స్టేషన్లో ఇంతవరకు నమోదైన గరిష్ఠ మట్టాన్ని అందుకుంది లేదా మించింది. ఎరుపు పడ్డాక కదులుదాం అనుకుంటే అప్పటికి కదలడానికి దారే ఉండదు. గుణుపూర్‌లో పసుపు పడి, గ్రాఫ్‌లో గీత ఇంకా పైకే పోతుంటే పని మొదలెట్టాలి. ముందు మెయిన్ ఆపి ఫ్యూజులు తీసెయ్యాలి, తర్వాత స్టార్టర్ డబ్బా, మోటారు విప్పి మెరకకు చేర్చాలి. ఫుట్‌వాల్వు, పైపులు ఆఖర్న చూసుకోవచ్చు. కోసిన పనలు పల్లంలో ఉంటే పశువులతో పాటు వాటినీ గట్టెక్కించాలి.

గ్రాఫ్‌లో కనిపించే మీటర్లు సముద్ర మట్టం నుంచి కొలిచినవి, ఏటి లోతు కాదు. ఆ అంకె చూసి హడలిపోవద్దు. ప్రమాద మట్టానికి ఎంత దూరంలో ఉంది, గంటకు ఎంత పెరుగుతోంది అన్నవే అసలు లెక్క. ప్రవాహం దగ్గర ఇంకో తికమక ఉంది. జల సంఘం క్యూమెక్కుల్లో (సెకనుకు ఘనపు మీటర్లు) చెబుతుంది, బ్యారేజీ దగ్గర మనవాళ్లు క్యూసెక్కుల్లో (సెకనుకు ఘనపుటడుగులు) చెబుతారు. ఒక క్యూమెక్కు సుమారు 35.3 క్యూసెక్కులు. అంటే వెయ్యి క్యూమెక్కులు చిన్న వరదేమీ కాదు, 35 వేల క్యూసెక్కుల పైమాటే.

24 గంటల అంచనాని, ఏడు రోజుల సూచనని ఒకే గాట కట్టొద్దు. ఏడు రోజులది వాన అంచనా మీద నడుస్తుంది. తుపాను దారి కాస్త పక్కకు జరిగితే వాన వంశధార మీద పడాల్సింది పక్కనున్న నాగావళి నది మీద పడొచ్చు. కోత ముందుకు జరపాలా వద్దా అన్నంతవరకు దాన్ని వాడుకోండి. సామాను తరలించడానికి 24 గంటలదే నమ్మండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక గాలితో ఆగలేదు, వెనకే వంశధారకు వరదొచ్చింది. గాలి తగ్గిందని ఫోన్ పక్కన పడెయ్యకూడదు, ఎగువ స్టేషన్లు అసలు చూడాల్సింది అప్పుడే.

ఇక లోపాలు. సమాచారం ఇంగ్లిషు, హిందీల్లో ఇస్తున్నారు. వంశధార రైతుకు కావాల్సింది తెలుగు, ఒడియా. ఇది చిన్న లోపం కాదు. రెండోది, ఊరి గెడ్డ (వాగు) దీనికి కనపడదు. ఏరు నిండుగా ఉన్నప్పుడు గెడ్డ నీరు అందులో కలవలేక వెనక్కి ఎగదన్ని పొలాల్లో నిలిచిపోతుంది. కళింగపట్నం వైపు పోటు సమయమైతే మరీ ఆలస్యం. స్టేషన్లో మట్టం దిగుతున్నా గార, పోలాకి పల్లాల్లో నీరు తియ్యకపోవడానికి ఇదొక కారణం. యాప్‌లో ఆకుపచ్చ (మామూలు మట్టం) చూసి మోటారు మళ్లీ బిగించొద్దు.

గొట్టా గేట్ల సమాచారం, ఒడిశా వానల లెక్క, దిగువ మట్టాలు ఒకే తెరమీద కనపడాలి. ఆంధ్ర, ఒడిశాల మధ్య వంశధార నీటి వాటాల పేచీ ట్రిబ్యునల్ దాకా వెళ్లి, 2017లో చెరి సగం అని తీర్పు వచ్చింది. వరద కబురుకు అలాంటి పేచీ అక్కర్లేదు. ఎగువ కొలతలు ఇప్పటికే కేంద్ర సంస్థ చేతిలో ఉన్నాయి, మిగిలినవి రెండు రాష్ట్రాలూ కలిపితే చాలు.

అంతదాకా ఎవరి పుస్తకం వాళ్లు రాసుకోవాలి. ఒక్క వరదలో కాశీనగర్ గరిష్ఠానికి చేరిన గంట, మీ ఊరి రేవులో నీరు గరిష్ఠానికి చేరిన గంట రాసిపెట్టండి. ఆ తేడాయే మీ చేతిలో ఉండే సమయం. రెండు మూడు వరదలకు రాస్తే యాప్ చెప్పనిది మీకే తెలుస్తుంది.

దీంతో పాటు జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ‘సచేత్’ యాప్ కూడా పెట్టుకోండి. అందులో తెలుగుంది, మనం వెతక్కుండానే హెచ్చరిక పంపుతుంది. ఫ్లడ్‌వాచ్‌ను మాత్రం మనమే తెరిచి చూసుకోవాలి. తుపాను తీరం దాటక ముందే రెండు స్టేషన్ల గ్రాఫులు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. సిగ్నల్ బలహీనపడి నెట్ రాకపోయినా, కాల్ కలిసినంతసేపు రాష్ట్ర విపత్తుల సంస్థ 1070 నంబరు ఉంటుంది.