జిరాక్స్ షాపే గానీ, ఓటు కాగితాలకి నాలుగు స్టార్లు

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి నుంచి రెండు నిమిషాలు నడిస్తే వచ్చే చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ షాపు గురించి ఇది. పేరు రాయను, ఇప్పటికే అక్కడ నిలబడ్డానికి చోటుండదు.

మా తమ్ముడు గుజరాత్‌లోని వెరావల్‌లో చేపల బోటు మీద పనిచేస్తాడు. మా తీరం ఊళ్ళల్లో చాలామంది మగవాళ్ళు అంతే, గుజరాత్ వెళ్తే మళ్ళీ అక్కడ వేట ఆగినప్పుడే ఇంటికొచ్చేది. ఓటరు జాబితా సరిచూడ్డానికి ఇంటింటికీ తిరిగిన బీఎల్ఓ (బూత్ స్థాయి అధికారి) "మీ అబ్బాయి ఉన్నాడా" అని అడిగితే అమ్మ "లేడు బాబూ, గుజరాత్ ఎళ్ళాడు" అంది. ఆ ఒక్క మాటకి కొన్నాళ్ళకి నోటీసొచ్చింది, ఇక్కడి సాధారణ నివాసి కాదు, జాబితాలోంచి పేరెందుకు తీసేయకూడదో చెప్పమని. టీవీలో 2025 నాటి బీహార్ గొడవ, ముసాయిదా జాబితాలో 65 లక్షల పేర్లు లేకపోవడం, ఎందుకు తీశారో కారణాలతో సహా బయటపెట్టమని సుప్రీంకోర్టు చెప్పడం, ఇవన్నీ చూసి మనకెందుకులే అనుకున్న మనిషిని నేను.

షాపాయన నోటీసు రెండుసార్లు చదివి, "పిన్నీ, తమ్ముడు ఊళ్ళో లేడు గానీ ఊరొగ్గీలేదు గదా" అని సొరుగులోంచి లామినేషన్ చేసిన కాగితం తీశాడు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం, సెక్షన్ 20. అంచులు పసుపెక్కిపోయాయి, రెండు చోట్ల ఎర్ర రీఫిల్‌తో గీతలు. ఊళ్ళో ఇల్లున్నంత మాత్రాన అక్కడి నివాసి అయిపోడని ఒక గీత, తాత్కాలికంగా ఊళ్ళో లేనంత మాత్రాన నివాసి కాకుండా పోడని రెండో గీత. మొదటి గీత హైదరాబాద్‌లో స్థిరపడి ఇక్కడా ఓటుంచుకున్న మా బంధువులకి, రెండోది మా తమ్ముడికి. బీఎల్ఓకి మొదటి గీతే కనబడింది కాబోలు.

క్యూలో ఉన్న ఒక రిటైర్డ్ మాస్టారు ఊరుకోలేదు. ఆరు నెలలు ఊళ్ళో లేనివాడికి ఊరి ఓటెందుకు, దొంగ ఓట్లు ఇలాగే పుడతాయి అన్నారు. రెండు చోట్ల ఓటుంటే తప్పే, ఆయనతో నాకు పేచీ లేదు, అబద్ధపు డిక్లరేషన్ ఇస్తే ఏడాది దాకా జైలని కూడా చట్టంలో ఉంది. కానీ ఆ ఆరు నెలల లెక్క సెక్షన్ 20లో ఎక్కడుందో చూపించమని షాపాయన కాగితం చేతికిస్తే మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని కిందికీ మీదికీ చదివి, "అందరూ అంటారు కదయ్యా" అన్నారు. అదే కదా అసలు గొడవ, చట్టంలో లేని మాట అందరి నోళ్ళలో ఉంది, సంతకం పెట్టేవాళ్ళ నోళ్ళలో కూడా.

సెక్షన్ 22 ప్రకారం ఊళ్ళో ఉండట్లేదని పేరు తీసే ముందు ఆ మనిషి చెప్పేది వినాలి, తీసేస్తే 15 రోజుల్లో కలెక్టర్‌కి అప్పీలు చేసుకోవచ్చు. ఇవన్నీ చెబుతూనే జవాబు టైపు చేసి, రేషన్ కార్డు జిరాక్స్, తమ్ముడి ఆధార్ జత చేశాడు. విచారణ రోజు అమ్మా నేనూ వెళ్ళాం, పది నిమిషాల్లో అయిపోయింది. పేరు ఉంది.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, పక్కన ఎవరిదో ఫారం 8, అంటే ఓటరు వివరాలు మార్చుకునే దరఖాస్తు, నింపినందుకు నూట యాభై తీసుకున్నాడు, ఆన్‌లైన్‌లో అది పూర్తిగా ఉచితం, ఆ మాట కనీసం గోడ మీద రాసి పెట్టొచ్చు. మా దగ్గర టైపింగ్‌కి అరవై తీసుకున్నాడు, అది న్యాయమే. మధ్యాహ్నం రెండు గంటలు షట్టర్ దించేస్తాడు, ఒరిజినల్స్ మర్చిపోకుండా అడిగి తీసుకోండి, అమ్మ ఆధార్ మెషిన్ మూత కిందే వదిలేసి ఆమదాలవలస దాకా వెళ్ళి వెనక్కొచ్చాం.