మధురానగర్, తెల్లాపూర్: రెండు చోట్లా కొన్నేళ్లు కాపురం ఉన్నాక

ఉద్యోగరీత్యా 2019లో కాకినాడ నుంచి హైదరాబాదుకు వచ్చిన మా కుటుంబం మొదట అమీర్‌పేట పక్కనున్న మధురానగర్‌లో అద్దెకు ఉంది. 2022 నుంచి నగరానికి పడమటి శివారున ఉన్న తెల్లాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీలో ఉంటోంది. ఊరి నడిబొడ్డున చిన్న ఇల్లు తీసుకోవాలా, శివారులో పెద్ద ఇల్లు తీసుకోవాలా అని ఆలోచిస్తున్నవారికి పనికొస్తుందని ఈ రెండు చోట్ల అనుభవాన్నీ రాస్తున్నాను. ఇంట్లో నలుగురం: నేను, మా వారు, అత్తగారు, మా అబ్బాయి. అద్దె ఎంత, చదరపు అడుగులు ఎన్ని, ఆఫీసు ఎంత దూరం అన్న మూడు లెక్కలూ అందరూ వేసుకుంటారు. ఇల్లు మారాక ఇంట్లో ఎవరు తమంతట తాము బయటికి వెళ్లి రాగలుగుతారు, ఎవరు ఇంకొకరి బండి కోసం ఎదురుచూడవలసి వస్తుంది అన్న నాలుగో లెక్క చాలామంది వేసుకోరు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే.

మధురానగర్‌ను మేము ఎంచుకోవడానికి ఒకే ఒక్క కారణం మెట్రో. అప్పట్లో నా ఆఫీసు రాయదుర్గంలో, మా వారి ఆఫీసు తార్నాకలో ఉండేవి. నాగోలు నుంచి రాయదుర్గం వెళ్లే నీలి మార్గంలో ఈ రెండూ చెరో వైపు ఉంటాయి. మధ్యలో మధురానగర్ స్టేషను ఉంటుంది. మేము వచ్చిన ఏడాదే మార్చిలో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ వరకు, నవంబరులో అక్కడి నుంచి రాయదుర్గం వరకు రైలు మొదలైంది. ఒకే స్టేషనులో ఎక్కి ఒకరు పడమటికి, ఒకరు తూర్పుకి, దారిలో ఎక్కడా మారకుండా వెళ్లివచ్చేవాళ్లం. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులైన ఇంటికి ఇంతకన్నా మంచి సదుపాయం హైదరాబాదులో నాకు తెలిసినంతలో లేదు. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పక్కనే మెట్రో స్టేషను ఉందన్న మాట విని ఇల్లు తీసుకోకూడదు. కేపీహెచ్‌బీ కాలనీలోనూ స్టేషను ఉంది. కాని అది మియాపూర్, ఎల్బీనగర్ల మధ్య నడిచే ఎర్ర మార్గం మీద ఉంది కాబట్టి, హైటెక్ సిటీకి వెళ్లాలంటే అమీర్‌పేట దాకా వచ్చి, అక్కడ రైలు మారి, మళ్లీ పడమటికి వెళ్లాలి. అందుకే అక్కడివారు మెట్రోను వదిలి రోడ్డు మీదుగా నేరుగా వెళ్లిపోతారు.

ఇల్లు మాత్రం ఇరుకు. పక్క భవనానికీ మా కిటికీకీ మధ్య చేయి చాచితే అందేంత జాగా ఉండేది. పగలు కూడా వంటింట్లో దీపం వేసుకోవలసి వచ్చేది. 2020లో లాక్‌డౌను వచ్చి ఇద్దరం ఇంటి నుంచే పని చేయవలసి వచ్చినప్పుడు రెండు పడకగదులు రెండు ఆఫీసులయ్యాయి. అబ్బాయి ఆన్‌లైను తరగతులకు హాలు, అత్తగారికి వంటింటి పక్కనున్న వరండా మిగిలాయి. పిల్లవాడు ఆడుకోవడానికి కింద పార్కింగు జాగా తప్ప ఏమీ లేదు. యూసుఫ్‌గూడలోని కోట్ల విజయభాస్కర రెడ్డి స్టేడియానికి తీసుకువెళ్లాలంటే రద్దీ రోడ్డు దాటించి, ఆట అయ్యేదాకా ఎవరో ఒకరం కూర్చోవాలి. అంటే, ఆ ఇంట్లో సొంతంగా తిరగలేనిది వాడొక్కడే.

అత్తగారి పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. కాకినాడలో నలభై ఏళ్లు ఒకే వీధిలో బతికిన మనిషి హైదరాబాదులో ఎలా ఉంటారోనని మేము బెంగపడ్డాం. ఆమె కొద్ది నెలల్లోనే పాల కేంద్రం, మందుల దుకాణం, టైలరు, కూరగాయల బండి అన్నీ తెలుసుకున్నారు. బల్కంపేట ఎల్లమ్మ గుడికి వీధిలోని నలుగురు ఆడవాళ్లతో కలిసి ఆటోలో వెళ్లివచ్చేవారు. ఆషాఢంలో అమ్మవారి కల్యాణానికి ఎవరి సాయమూ అడగలేదు. మోకాళ్ల నొప్పికి చూపించుకోవడానికి పంజాగుట్ట వరకు ఒక్కరే వెళ్లేవారు. ఇవన్నీ ఆమెకు ఎంత విలువైనవో మాకు తెల్లాపూర్ వచ్చాకే పూర్తిగా అర్థమైంది.

2022లో నా ఆఫీసు పడమటి వైపు ఐటీ కంపెనీలుండే ఫైనాన్షియల్ డిస్ట్రిక్టుకు మారింది. మెట్రో రాయదుర్గంతో ఆగిపోతుంది; అక్కడి నుంచి క్యాబో ఆటోనో పట్టుకొని వెళ్లడానికి పట్టే సమయం ఒక్కోరోజు మెట్రో ప్రయాణమంత అయ్యేది. అబ్బాయికి ఆట స్థలం కావాలి, నాకు దగ్గర కావాలి అనుకొని తెల్లాపూర్‌కు మారాం. నల్లగండ్ల, గోపన్‌పల్లి మీదుగా నా దారి సాఫీగానే ఉంది. 2024లో గోపన్‌పల్లి తండా దగ్గర ఫ్లైఓవరు తెరిచాక ఇంకా తేలికైంది. మా వారి దారి మాత్రం బాగా పెరిగింది. స్కూటరు మీద లింగంపల్లి, అక్కడి నుంచి ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో సికింద్రాబాదు, మళ్లీ మెట్రోలో తార్నాక. ఎంఎంటీఎస్ ఛార్జీ చాలా తక్కువ, కూర్చొని చదువుకోవచ్చు. కాని ఒక రైలు తప్పితే తరువాతి రైలుకు చాలాసేపు ఆగాలి కాబట్టి రోజంతా ఆ వేళల చుట్టూనే నడుస్తుంది. ఇద్దరి ఆఫీసులూ ఊరికి చెరో కొసన ఉన్న దంపతులకు శివారు ఇల్లు ఇద్దరిలో ఒకరికే దగ్గరవుతుంది; ఆ ఒకరు ఎవరన్నది ముందే మాట్లాడుకొని ఒప్పుకొని దిగాలి.

తెల్లాపూర్‌లో మాకు దక్కినవి తక్కువేమీ కావు. మూడు వైపుల నుంచి వెలుతురు వస్తుంది, రాత్రి నిశ్శబ్దంగా ఉంటుంది, కరెంటు పోతే వెంటనే జనరేటరు అందుకుంటుంది. అబ్బాయి బడి నుంచి వచ్చి బ్యాటు పట్టుకొని తానే కిందికి దిగుతాడు, చీకటి పడ్డాక తానే వస్తాడు. ఆ ఒక్క మార్పు వాడిని ఎంత మార్చిందో చెప్పలేను. ఎవరితో ఆడాలో, ఎప్పుడు రాజీపడాలో పెద్దవాళ్ల ప్రమేయం లేకుండా నేర్చుకున్నాడు. ఊరికి వెళ్లడం కూడా సులువైంది. కాకినాడ వెళ్లే గౌతమి ఎక్స్‌ప్రెస్ లింగంపల్లి నుంచే బయలుదేరుతుంది కాబట్టి, సంక్రాంతి రద్దీలో కూడా సామాను సర్దుకొని నిదానంగా ఎక్కగలుగుతున్నాం. ఔటర్ రింగు రోడ్డు దగ్గర కావడం వల్ల శంషాబాదు విమానాశ్రయానికి ఊరు తగలకుండా వెళ్లిపోవచ్చు. అయితే 158 కిలోమీటర్ల ఆ రోడ్డు ప్రధాన మార్గం మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. స్కూటరు ఉన్నవారు సర్వీసు రోడ్డు మీదనే పోవాలి. ఇల్లు చూపించేవారు ఔటర్ పక్కనే అని చెప్పినప్పుడు, మీకు ఉన్నది కారో స్కూటరో గుర్తుంచుకొని వినాలి.

అత్తగారికి ఈ ఇంట్లో కాలు కదిలే వీలు తగ్గిపోయింది. కమ్యూనిటీ లోపల నడకకు చక్కటి బాట ఉంది, గుడి ఉంది, సాయంత్రం కూర్చునే పెద్దవాళ్ల జట్టు ఉంది. ఆ గేటు దాటితే మాత్రం ఆమె ఒక్కరే చేరుకోగలిగినది దాదాపు ఏమీ లేదు. పాత తెల్లాపూర్ ఊరిలోని కిరాణా దుకాణాలకు వెళ్లాలన్నా కంకర లారీలు, కాంక్రీటు మిక్సర్లు తిరిగే రోడ్డు వెంట నడవాలి, ఆ రోడ్డుకు కాలిబాట లేదు. 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం; మధురానగర్‌లో ఉండగా ఆ పథకం వచ్చి ఉంటే అత్తగారు ఊరంతా చుట్టి వచ్చేవారు. ఇక్కడ బస్సుల మధ్య ఎడం ఎక్కువ కాబట్టి ఉచితమైనా ఆమెకు అక్కరకు రావడం లేదు. గుడికైనా, బట్టల దుకాణానికైనా, బంధువుల ఇంటికైనా మాలో ఒకరికి సెలవు దొరకాలి, లేదా క్యాబు రావాలి. ఆమె ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదు. అడగడం మానేశారు, అది నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది. డ్రైవింగు రాని గృహిణుల పరిస్థితి కూడా ఇక్కడ ఇదే. వారిలో స్కూటరు నేర్చుకున్నవారు హాయిగా ఉన్నారు, నేర్చుకోనివారు మొదటి ఏడాదే వెనక్కి వెళ్లిపోదామంటున్నారు.

ఖర్చు విషయానికి వస్తే, శివారులో చవక అన్న మాట సగమే నిజం. చదరపు అడుగుకు అద్దె తక్కువ పడుతుంది గాని, తీసుకునే ఇల్లు పెద్దది. దాని మీద చదరపు అడుగుకు మూడు నాలుగు రూపాయల చొప్పున మెయింటెనెన్సు ఉంటుంది. పదిహేను వందల అడుగుల ఇంటికి అది నెలకు 4,500 నుంచి 6,000 రూపాయల దాకా అవుతుంది. పైగా ఆ అడుగులు మెట్లు, లిఫ్టు, నడవా అన్నీ కలిపి లెక్కగట్టినవి, మనం తిరిగే జాగా అంతకన్నా బాగా తక్కువ. మధురానగర్‌లో మాకు ఒక్క స్కూటరు సరిపోయింది. ఇక్కడ కారు, స్కూటరు రెండూ లేకుండా ఇల్లు నడవదు. ఇంటిపనికి వచ్చేవారు లింగంపల్లి వైపు నుంచి ఆటో మాట్లాడుకొని రావాలి కాబట్టి జీతం ఎక్కువ అడుగుతారు, అది న్యాయం కూడా.

నీటి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇల్లు చూసేటప్పుడు కుళాయి తిప్పితే నీళ్లు వస్తాయి, అంతటితో ఆ విషయం వదిలేస్తారు. మధురానగర్‌లో నగర నీటి సరఫరా సంస్థ అయిన జలమండలి నీరు రోజు విడిచి రోజు వచ్చి సంపు నింపేది. 2021 నుంచి జీహెచ్ఎంసీ (నగరపాలక సంస్థ) పరిధిలో నెలకు 20,000 లీటర్ల దాకా ఉచితం కావడంతో ఆ బిల్లు గురించి ఆలోచించే పనే లేకపోయింది. తెల్లాపూర్‌లో మా కమ్యూనిటీ ప్రధానంగా బోర్ల మీద ఆధారపడింది. మార్చి దాటాక బోర్లు ఒక్కొక్కటే తగ్గుతాయి, ట్యాంకర్లు మొదలవుతాయి. 2024 వేసవిలో నగరం పడమటి వైపంతా ట్యాంకర్లకు గిరాకీ పెరిగినప్పుడు, వేళలు పెట్టి నీళ్లు వదిలారు, ఆ నెలల అదనపు ఖర్చును ఇంటింటికీ పంచారు. నల్లాలకు పొదుపు మూతలు బిగించుకున్నాం, కూరగాయలు కడిగిన నీళ్లు మొక్కలకు పోశాం. ఆ పొదుపు అలవాటు మంచిదే, కాని అద్దె ఒప్పందంలో ఎక్కడా లేని ఆ ఖర్చు గురించి అద్దెకు వచ్చేవారికి ముందే తెలియాలి. అందుచేత ఏ శివారు కమ్యూనిటీలోనైనా అడ్వాన్సు ఇచ్చేముందు గత ఏప్రిల్, మే నెలల మెయింటెనెన్సు బిల్లులు చూపించమని అడగండి. ప్రకటనల కాగితాల్లో లేనివి చాలా ఆ రెండు బిల్లుల్లో కనబడతాయి.

వాన కూడా అంతే. 2020 అక్టోబరు వరదల్లో చెరువుల శిఖం భూముల్లో, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే భూముల్లో, కట్టిన కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోవడం అందరం చూశాం. అద్దెకు ఉండేవాళ్లమే కదా అనుకోకుండా, ఆ స్థలం ఏ చెరువు దిగువన ఉందో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చెరువుల పటాల్లో చూసుకోవాలి. ఇంటికి నీళ్లు రాకపోయినా దారి మూసుకుపోవచ్చు. పెద్ద వాన పడిన సాయంత్రం లింగంపల్లి రైల్వే అండర్‌బ్రిడ్జి నీటితో నిండితే మా వారు స్టేషనులో దిగి కూడా ఇల్లు చేరడానికి చుట్టు తిరిగి రావలసి వస్తుంది. ఇల్లు చూడడానికి ఆదివారం ఉదయం కాక, పనిరోజు సాయంత్రం, వీలైతే వానాకాలంలో, మీరు రోజూ వచ్చే దారినే రావాలి.

కొత్తగా వచ్చేవారు మొదటి పదకొండు నెలల ఒప్పందాన్ని మెట్రోకు నడిచి వెళ్లగలిగిన చోట చేసుకోవాలని నేను గట్టిగా చెబుతాను. ఐటీ ఉద్యోగాల్లో ఆఫీసు మాదాపూర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్టుకో, ఊరికి అవతల ఉన్న పోచారానికో మారిపోవచ్చు. ఊరి మధ్యలో ఉన్నవారు ఏ వైపు మారినా తట్టుకోగలరు. అయిదు నుంచి పద్నాలుగేళ్ల మధ్య పిల్లలుండి, ఇద్దరిలో ఒకరి ఆఫీసైనా పడమటి వైపు ఉండి, ఇంట్లో పెద్దలందరికీ బండి నడపడం వస్తే, అప్పుడు శివారుకు మారడం అన్ని విధాలా లాభమే. అత్తమామలో తల్లిదండ్రులో కలిసి ఉండే ఇంట్లో మాత్రం వారిని కూడా తీసుకువెళ్లి ఇల్లు చూపించి, గేటు బయట ఒక పావుగంట వారిని నడవనిచ్చి, ఆ తరువాతే నిర్ణయం తీసుకోవాలి.

మా అబ్బాయి పదో తరగతి పూర్తయ్యేదాకా మేము తెల్లాపూర్‌లోనే ఉంటాం. ఆ తరువాత వాడు ఇంటర్‌లో చేరి తానే రైలెక్కి వెళ్లగలిగే వయసు వస్తుంది కాబట్టి, నీలి మార్గం మీద మెట్టుగూడకూ యూసుఫ్‌గూడకూ మధ్య ఎక్కడైనా లిఫ్టు ఉన్న ఇల్లు వెతుకుతాం. అప్పటిదాకా వారంలో ఒక రోజు, సాధారణంగా శుక్రవారం, నేను ఇంటి నుంచి పని చేసే వీలు పెట్టుకొని, ఆ సాయంత్రం అత్తగారు ఎక్కడికి వెళ్దామంటే అక్కడికి తీసుకువెళుతున్నాను.